బతకదు ఎలియాజరూ, బుల్లమ్మ తుంగా

ఎలియాజరుకి ఈ లోకంలో ఏదైనా బతికి బట్టకడుతుందన్న నమ్మకం లేదు. దూడ పుట్టినా, బోరు వేసినా, పెళ్ళి జరిగినా, వాన పడినా, పడకపోయినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "ఇది బతకదు." కోపంగా అనడు, ఎగతాళిగానూ అనడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తల అడ్డంగా ఊపి, ఎంతో మర్యాదగా అంటాడు. ఊళ్ళో ఎలియాజర్లు ఇద్దరుండటం వల్ల ఈయన్ని బతకదు ఎలియాజరు అనేవారు. రెండో ఎలియాజరు పోయాక కూడా ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఊరు మునగపాక దాటాక చెరుకు తోటల మధ్య ఉంది. ఎలియాజరు అక్కడ కాలవ లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. లస్కరు పని తూముల తలుపులు ఎత్తడం, దించడం, పొలాలకు నీళ్ళు వదలడం. నీళ్ళు వదిలే మనిషే గట్టు మీద నిలబడి "ఈ వరి బతకదు" అంటూ ఉంటే ఆ రైతుల ప్రాణానికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన రిటైరైన రోజున దండ వేసి, టేపురికార్డరు బహుమతిగా ఇచ్చారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏమన్నాడో వేరే చెప్పాలా?

ఒకసారి చర్చి పెద్ద జెఫ్రీ గారు జ్వరం ముదిరి మంచం పట్టాడు. పాస్టరుగారు పదిమందినీ వెంటబెట్టుకుని వెళ్ళి, చూసుకోకుండా "ఎలియాజరుగారూ, మీరు ప్రార్థన చెయ్యండి" అనేశారు. ఎలియాజరు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈయన బతకడని నీకూ తెలుసు, నాకూ తెలుసు" అని మొదలుపెట్టాడు. జెఫ్రీ గారు ఆ కోపానికే దుప్పటి విసిరికొట్టి లేచి కూర్చున్నాడు.

"నీకేటి తెలుసురా? ఏటి తెలుసు నీకు?"

"పడుకో బావా. నీరసమొత్తాది."

మర్నాటి నుంచి జెఫ్రీ గారు తిరిగి చర్చికి వచ్చేదాకా ఎలియాజరు రోజూ పొద్దున్నే గిన్నెతో జావ పట్టుకెళ్ళాడు. ఇంట్లోంచి బయల్దేరుతూ భార్య రోజలిన్‌తో "పోయేడో, ఉన్నాడో సూసొత్తాను" అనేవాడు. ఆ మాట వీధంతా వినిపించేది. జావ గిన్నె మాత్రం తువ్వాలు కింద ఉండేది.

నూకరాజు కొడుకు పెళ్ళిలో అద్దె జనరేటరుని చూసి కూడా అంతే. అక్షింతలు వేసే వేళకి పందిట్లో నిలబడి "బతకదు, బతకదు" అని తల ఊపుతుంటే ఆడపెళ్ళివారు నూకరాజు మీద విరుచుకుపడ్డారు. గొడవ సర్దుమణిగాక చూస్తే ఎలియాజరు జనరేటరు పక్కన పీట వేసుకుని, వేడెక్కకుండా దానికి తువ్వాలుతో విసురుతున్నాడు. అది ఆఖరి బంతి లేచేదాకా ఆగలేదు. ఆ పెళ్ళిలో ఆయన భోజనం చేశాడో లేదో ఎవరూ అడగలేదు.

ఈ మనిషి వల్ల ఊళ్ళో అందరికంటే ఎక్కువ విసిగిపోయినది బుల్లమ్మ. బుల్లమ్మ తుంగ చాపలు నేస్తుంది. భర్త సత్తియ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో బస్తాలు మోస్తాడు. ఊరికి తూర్పున చిన్నావ ఉంది. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళు నిలిచే పల్లపు నేలని అటువైపు ఆవ అంటారు. చిన్నావ అంచున బుల్లమ్మ అత్తగారి నాటి నుంచి కోసుకుంటున్న తుంగ మడి ఒకటుంది. ఆ మడే బుల్లమ్మకు దుకాణం, పొలం, బ్యాంకు అన్నీ.

తుంగ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుందనుకుంటారు. అలా మొలిచేది చేలో రైతు తిట్టుకుంటూ పీకే గడ్డితుంగ. చాపకి పనికొచ్చేది నీటితుంగ. దానికి కొత్తల్లుడికి ఉన్నన్ని పేచీలున్నాయి. నల్ల బురద కావాలి. నీళ్ళు పిక్క దాటి పైకి రాకూడదు, వస్తే మొదలు కుళ్ళుతుంది. పూర్తిగా ఎండనూ కూడదు, ఎండితే కాడ పొట్టిగా, పెళుసుగా అయిపోతుంది. ఆ నీళ్ళైనా ఊరికే నిలిచి ఉంటే ఒప్పుకోదు, ఎక్కడి నుంచో మెల్లగా వస్తూ ఎక్కడికో మెల్లగా పోతూ ఉండాలి. నెత్తిన నీడ పడకూడదు. ఇవన్నీ అమిరితే మూడు పలకల కాడ నిటారుగా లేస్తుంది. దాన్ని కోసి, పచ్చిమీదే నిలువునా చీల్చి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి మగ్గం మీద వేస్తే చాప దిగుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బాలింతని కొత్త తుంగ చాప మీదే పడుకోబెడతారు. చల్లగా ఉంటుందనీ, బిడ్డకి ఒళ్ళు వేడెక్కదనీ అంటారు.

ఎలియాజరు రోజూ పొద్దున్నే ఆ మడి గట్టు మీద చేతికర్రతో ప్రత్యక్షమయ్యేవాడు.

"ఇది బతకదు బుల్లమ్మా."

"ఎందుకు బతకదు మావా? నవనవలాడతంది కదా!"

"అదే సెప్తున్నాను. అంత పచ్చబడ్డాక ఇంక పచ్చబడ్డానికేటుంది? ఎండడమే."

"పొద్దున్నే నీ మొకం సూడాల్సొత్తంది, నా కరమ."

"రేపు కూడా వత్తాను. సచ్చిందో నేదో సూడాలి కదా."

అంటూనే చేతికర్రతో మడిలోకి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కని లాగి గట్టున పడేసేవాడు. బుల్లమ్మ అది గమనించేది కాదు. తన తుంగ ఎండిపోతే 'నే సెప్పలేదా' అని ఊరంతా చాటింపు వేసుకోవడానికే ఈ ముసలాడు కాచుకు కూర్చున్నాడని ఆమె గట్టి నమ్మకం. చాపలకు రంగు వేసే రోజైతే ఆయన నీడ కూడా పడకుండా తలుపు వేసుకునేది.

చివరికి ఆయన మాటే నిజమైంది. అదే ఈ కథలో ఏడుపు.

రెండువేల ఐదు, ఆరు సంవత్సరాల్లో ఆ ప్రాంతానికి భూముల పిచ్చి పట్టింది. కంపెనీలొస్తున్నాయన్నారు, రోడ్లొస్తున్నాయన్నారు. చెరుకు నరికిన చోట మళ్ళీ చెరుకు వెయ్యడం మానేసి రంగు రాళ్ళు పాతారు. చిన్నావ ఎగువ భాగాన్ని కూడా మట్టితో కప్పేసి ఒక లేఔటు లేచింది. సిమెంటు ఆర్చి, రెపరెపలాడే జెండాలు, ఎర్ర గ్రావెలు రోడ్డు, గొడుగు కింద కుర్చీ, కుర్చీలో త్రినాధరావు. ఇళ్ళ స్థలాల బిట్లు అమ్మిపెట్టే బాధ్యత ఆయనది. మనిషి చెడ్డవాడు కాదు. అందరినీ వరసలు కలిపి పిలుస్తాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ టీ ఇప్పిస్తాడు. ఆయన వేయించిన ఎర్రరోడ్డు మాత్రం ఆవలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవ మీద నుంచి పోయింది. కాలవ పూడిపోయింది.

వానలు పడ్డాయి. ఆవలోకి నీళ్ళు రాలేదు. ఊళ్ళో మడులన్నీ నిండి గట్లు తెగుతుంటే తుంగ మడిలో నేల నెర్రెలిచ్చింది. బుల్లమ్మ లేఔటుకి పరిగెత్తింది.

"బాబూ, కాలవ కప్పెట్టేసేరు. నా తుంగకి నీలు రావట్లేదు."

"కాలవా? ఏ కాలవమ్మా? ప్లానులో కాలవ లేదే!" అన్నాడు త్రినాధరావు ప్లాను కాయితం విప్పి.

"ప్లానులో నేపోతే మాత్రం నీలకి తెలుత్తాదేటి బాబూ? అయి వచ్చిన దారినే వత్తాయి."

"నేను జీతగాణ్ణి వదినా. ఓనర్లు హైదరాబాదులో ఉంటారు. టీ తాగుతావా?"

ఊరి పెద్దల్ని అడిగితే ఆఫీసులో అడగమన్నారు. ఆఫీసులో అడిగితే ఊరి పెద్దల్ని అడగమన్నారు. బుల్లమ్మతో పాటు నేసే దేముడమ్మ తన మగ్గం విప్పేసి రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయింది. కనకమహాలక్ష్మి బడిలో ఆయాగా చేరింది. చాపలు నేసేవాళ్ళలో బుల్లమ్మ ఒక్కతే మిగిలింది. ఒక్క మనిషి మిగిలిన పనిని పని అని ఎవరూ అనరు, మొండితనం అంటారు.

బుల్లమ్మ చేతిపంపు నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. మడి ఆ నీళ్ళు తాగి, ఇంకేవి అన్నట్టు చూసింది. గట్టు మీద ఎలియాజరు తల ఊపాడు.

"బతకదే."

"నోరు ముయ్యి మావా."

"బిందెలతో ఆవ నిండుతాదేటే?"

"నిండదని నాకు తెల్దా? ఊరికే ఉండలేక మోత్తన్నాను!"

 మర్నాడు ఎలియాజరు ఒక పారతో వచ్చి, ఊరి మురుగు కాలవకి గండి కొట్టి, ఆ నీళ్ళు తుంగ మడికి మళ్ళించాడు. అది చాలదన్నట్టు ఎవరినో బతిమాలి తెచ్చిన యూరియా కూడా చల్లాడు. జీవితమంతా వరికి నీళ్ళొదిలిన మనిషికి పచ్చగా ఉండేదేదైనా వరిలాగే కనిపిస్తుంది. తుంగ మాత్రం వరి కాదు. ఆ మురుగూ ఎరువూ తాగి ఒక్కసారి ఉబ్బింది. చిటికెన వేలంత లావు కాడలతో నల్లగా, ఏపుగా లేచింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. బుల్లమ్మ కూడా ఆశపడింది. కొడవలి పట్టుకుని దిగి ఒక మోపు కోసి, గట్టున కూర్చుని చాకుతో మొదటి కాడ చీల్చబోయింది. పుటుక్కున విరిగింది. రెండోది విరిగింది. లోపలంతా బెండు. పిసికితే నీళ్ళు కారాయి. మోపులో ఒక్క కాడ నిలువునా చీలలేదు.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. మురుగు కంపు కొడుతోంది.

"నే సెప్పేను కదా..." అన్నాడు ఎలియాజరు నీరసంగా.

బుల్లమ్మకి ఒళ్ళు మండిపోయింది. "సెప్పేవు మావా! పుట్టిన్నాటి నుంచీ సెప్తానే ఉన్నావు. నీ నోరు మంచిది కాదు. నీ నోటి వాక్కునే నా తుంగ సచ్చింది. అయిందా నీ కోరిక? ఎల్లు, ఊరంతా సెప్పుకో. పై నెల మొదటి సోమారం నుంచి నానూ రొయ్యల షెడ్డు వేను ఎక్కుతాను. రేపట్నుంచి ఈ గట్టు మీదకి రాకు."

ఎలియాజరు లేచాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కర్ర కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాడు బుల్లమ్మ మురుగు గండి పూడ్చుకుంది, ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బుల్లమ్మకి కోపం చల్లారిపోయింది గానీ దుఃఖం చల్లారలేదు. ఒక మనిషి రోజూ వచ్చి బతకదు అంటున్నంతకాలం, బతికి చూపిస్తానన్న పౌరుషమైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఆమె మగ్గం తాళ్ళు ఒక్కొక్కటే విప్పి చుట్టలు చుట్టింది. నేసిన చాప చివర మిగిలిన కొసలు కత్తిరించి, ఆ చాపని చూరు కింద నిలబెట్టింది. ఎవరి కోసం నేసిందో వాళ్ళు ప్లాస్టిక్ చాప కొనుక్కున్నారు. గులాబి రంగు పూలున్న ప్లాస్టిక్ చాప మీద ఆ బాలింత పడుకుని ఉండటం బుల్లమ్మ కిటికీలోంచి చూసి వచ్చింది. బిడ్డకి ఒళ్ళంతా చెమట పట్టి ఉంది.

"ఏడవకే. షెడ్డులో అయితే నెల జీతం వత్తాది," అన్నాడు సత్తియ్య.

"నా సేతులు ఐసులో పెట్టుకోడానికిత్తారు జీతం," అంది బుల్లమ్మ. 

వ్యాను ఎక్కాల్సిన సోమవారానికి ముందు రోజు ఆమె తన కొడవలితో మడికి వెళ్ళింది. ఎండిపోయిన ఆ లావు కాడలు పొయ్యిలోకైనా పనికొస్తాయని. మడి దగ్గరకు రాకముందే పాదం తడిసింది. వంగి చూసింది. నెర్రెల్లో నీళ్ళు. మురుగు కాదు, ఎర్రగా, వానకాలం కాలవ నీళ్ళు, సన్నగా వస్తున్నాయి. వాటి వెంట పైకి నడిచింది. లేఔటు ఎర్రరోడ్డు అడ్డంగా తవ్వి ఉంది. తవ్విన చోట ఒక సిమెంటు గొట్టం వేసి, పైన మళ్ళీ మట్టి కప్పి ఉంది. గొట్టం నోట్లోంచి నీళ్ళు గుడగుడలాడుతూ దిగుతున్నాయి. బుల్లమ్మ అక్కడే చతికిలబడి ఆ చప్పుడు కాసేపు వింది.

తర్వాత ఆమె పరిగెత్తింది మొగుడి దగ్గరకి కాదు, ఎలియాజరు ఇంటికి.

"మావా! నీలొచ్చేయి! రోడ్డు కింద గొట్టమేసేరు!"

అరుగు మీద కూర్చున్న ఎలియాజరు మొహం వెలిగిపోయింది. నోరు తెరిచాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు గబుక్కున తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని, లేచి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"ఏటత్తా ఇది? నా మీద అంత కోపమేటి?"

రోజలిన్ చీపురు పక్కన పడేసి కూలబడింది. "కోపమైతే బాగుణ్ణే. మీ మావ మాట అమ్మేసుకున్నాడు."

"మాటమ్ముకోడమేటి?"

"నువ్వు తిట్టేవు కదా. మర్నాటి నుంచీ పొద్దున్నే లేఔటుకెల్లి కూకునేవాడు. కొనీవోలు కారు దిగడం, రాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టడం, ఈయన ఎనక నుంచి, 'ఇక్కడ ఇల్లు బతకదు బాబూ' అనడం."

"ఓలమ్మో!"

"మంచి ముహూర్తం సూసుకుని వచ్చినోలు, కాయ కొట్టిన నిమిషాన ఆ మాట ఇంటే ఉంటారేటి? కాయ అక్కడే ఒగ్గేసి కారెక్కేసీవోరు. ఒక్క బిట్టూ కదల్లేదు. ఆ తినాధరావు కాల్లు పట్టుకున్నంత పని సేసేడు. టీ ఇచ్చేడు, బిస్కట్లిచ్చేడు. నీకేటి కావాల మావా, అన్నాడు. గొట్టం, అన్నాడు మీ మావ."

బుల్లమ్మ పెరటి గుమ్మం వైపు చూసింది.

"గొట్టమేయిత్తాను గానీ, ఇంక ఆ మాట నీ నోట రాకూడదన్నాడు. లేఔటులోనే కాదు, ఊళ్ళో ఎక్కడా. కస్టమర్లు టీకొట్టు కాడ కూడా ఆగుతారట. ఒట్టెయ్యమన్నాడు. మా చర్చిలో ఒట్లెయ్యరు, మాటంటే మాటే, అన్నాడు ఈయన. బిట్లన్నీ అమ్ముడైపోయేదాకా ఆ మాట అననని ఒప్పేసుకున్నాడు."

"మరి మడి కాడికి ఎందుకు రానేదత్తా?"

"వత్తే తుంగని సూత్తాడు. సూత్తే నోరాగదు. అందుకు."

బుల్లమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "నాను ఎన్నెన్ని మాటలన్నానత్తా! నా తుంగ సావాలని కాసుకున్నాడనుకున్నాను."

"నీ మొకం. ఆయనకి ఆశ పడ్డమంటే బయ్యిం. ఆశ పడ్డాక పోతే ఆ మనిసి తట్టుకోలేడు. అందుకని ముందే పోయిందనేసి, అప్పుడు దాని ఎనక తిరుగుతాడు. బతకదన్నదాన్ని ఎన్నడైనా ఒగ్గేసేడేటి? జెఫ్రీ గారికి జావ కాసింది ఎవరనుకున్నావు? నాను. పొద్దున్నే లేచి!" రోజలిన్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు నా ఇల్లు సూడు, సమాదిలాగుంది. నిమ్మకాయ పచ్చడి పెట్టేను. ఏటేటా జాడీ మూతెట్టగానే ఇది బతకదే అని, రోజూ తీసి కలిపి సూసీవోడు. ఈ ఏడు ఏటీ అనలేదు. కలపలేదు. బూజట్టేసింది. ఆ మాట నేపోతే ఆయనకి ఏ పనీ తోసట్లేదే బుల్లమ్మా. నా కళ్ళ ముందే సగమైపోయేడు."

పెరట్లో ఎలియాజరు అరటిచెట్టు ముందు నిలబడి ఉన్నాడు. అది వాలిపోయి ఉంది. ఆయన దాన్ని చూసి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెట్టుకి ఊతకర్ర పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. అంత దిక్కులేని వీపుని బుల్లమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఆమె తిన్నగా త్రినాధరావు గొడుగు దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, ఆ ముసలాయన మాట ఆయనకిచ్చెయ్యి."

"అమ్మో! బిట్లన్నీ అమ్ముడవనీ వదినా. ఆ తర్వాత మైకు పెట్టి అరుచుకోమను, నేనే సెట్టు మాట్లాడతాను."

"బిట్లన్నీ ఎన్నడమ్ముడవుతాయి?"

త్రినాధరావు రంగు రాళ్ళ వైపు దిగులుగా చూశాడు. "ఆయన దెబ్బకి ఈ సైటు పేరు చుట్టుపక్కల పాకిపోయింది. దేవుడికే తెలియాలి."

 సోమవారం వ్యాను వచ్చి హారను కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. బుల్లమ్మ ఎక్కలేదు. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, లేఔటుకి వెళ్ళి గొడుగు పక్కన నిలబడింది. తన ఆవని మింగిన లేఔటు అది. ఏ రాయిని చూసినా తన్నాలనిపించే రాళ్ళు అవి. వాటిని పొగడటానికి వెళ్ళింది ఆ ఇల్లాలు. దిక్కుమాలిన రోజులు మనిషి చేత ఎలాంటి పనులు చేయిస్తాయో చూడండి.

నాలుగో రోజున పాయకరావుపేట నుంచి ఒక బట్టల కొట్టాయన భార్యతో దిగాడు.

"రండి బాబూ, రండమ్మా. ఇలాంటి జాగా ఈ సుట్టుపక్కల నేదు. గాలి, ఎలుతురు. తవ్వితే నీలు. తవ్వకపోయినా నీలు."

"దోమలుంటాయా?" అంది ఆ భార్య.

"దోమలా! మా ఊళ్ళో దోమని సూడాలంటే అనకాపల్లి ఎల్లాలమ్మా."

"పాములో?"

"అలాంటిది నాను పుట్టి బుద్దెరిగిన కాడ్నించీ ఇననేదు."

"మరి ఆ రాయి మీద ఆరేసినట్టున్నదేమిటి?"

బుల్లమ్మ చూసింది. జానెడు పాము కుబుసం. "అదా? పిల్ల గుంటలు ఆడుకునీ రిబ్బనమ్మా," అని కాలితో పక్కకి నెట్టేసింది. త్రినాధరావు నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత ధైర్యం ఆయనకే లేకపోయింది.

ఆ భార్యకి మాత్రం అనుమానం తీరలేదు. చుట్టూ చూసి, రోడ్డుకి అటు పక్క గొట్టం దగ్గర నిలబడ్డ ముసలాయన్ని పట్టుకుంది. నీళ్ళు వస్తున్నాయో లేదో చాటుగా చూసుకుపోదామని వచ్చిన ఎలియాజరు దొరికిపోయాడు.

"పెద్దవారు, మీరు చెప్పండి. ఇక్కడ ఇల్లు కట్టుకోవచ్చా?"

 బుల్లమ్మ కళ్ళు మూసుకుంది. ఎలియాజరు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తల అడ్డంగా ఊపబోయి, సగంలో ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. అలాంటి ప్రశ్నకి ఇంకో రకం సమాధానం ఆయన జీవితంలో ఎప్పుడూ చెప్పి ఉండలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"కట్టుకోమ్మా," అన్నాడు చివరికి, ఎవరో వెనకనుంచి తోసినట్టు. "కిటికీలు మాత్రం ఇటేపు పెట్టించు. ఆవ మీది గాలి సల్లగుంటాది." తర్వాత ఇంకా మెల్లగా అన్నాడు. "ఇంట్లో మురుగు గొట్టం మాత్రం ఇటేపు ఒదలకండమ్మా. ఇక్కడ తుంగుంది. మురుగు తాగితే అది లావెక్కిపోద్ది. లావెక్కితే సీలదు. ఆ యమ్మకి సాపలవ్వవు."

కొట్టాయన భార్య అటు చూసింది. రాళ్ళకీ, ఎర్రమట్టికీ కింద, ఒకప్పుడు కంటికి ఆననంత ఆవలో మిగిలిన ఆ ఒక్క మడి. బురదలోంచి దుంప చిగుళ్ళు సూదుల్లా పైకి లేస్తున్నాయి. అవి చాపలయ్యేసరికి ఎన్ని నెలలు పడుతుందో, అప్పటికి ఆ మడి ఎవరి ప్లానులో ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

"ఒదలములెండి తాతగారూ," అందామె. "చాపలు నేస్తారా? మా కోడలికి నెలలు నిండాయి. ఈ రోజుల్లో తుంగ చాప ఎక్కడా దొరకటం లేదు."

బుల్లమ్మ ఇంటికి పరిగెత్తి చూరు కింద నిలబెట్టిన చాప తెచ్చి కారు మీద కట్టించింది. బట్టల కొట్టాయన రాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. కాయ శుభ్రంగా రెండు చెక్కలైంది. త్రినాధరావు ఎలియాజరు చేతులు రెండూ పట్టుకున్నాడు.

"మామా, రేపట్నుంచి రోజూ రావాలి నువ్వు. నీకో కుర్చీ వేయిస్తాను."

ఎలియాజరు లేఔటంతా ఒకసారి కలయజూశాడు. ఆవని కప్పేసిన ఎర్రమట్టి మీద రంగు రాళ్ళు కంటికి ఆనినంత మేర ఉన్నాయి.

"ఇయ్యన్నీ అమ్మాలేటే?" అన్నాడు బుల్లమ్మతో.

"అమ్మాల మావా. అమ్మితేనే గాని నీ నోరు నీకు రాదు."

అప్పుడే ఆర్చి కింద తుని నుంచి వచ్చిన కారు ఆగింది. బుల్లమ్మ చీర సర్దుకుంది.

"పద మావా. మొకం కూసింత నవ్వుతున్నట్టు ఎట్టు."

ఎలియాజరు ప్రయత్నించాడు. చూడ్డానికి పంటి నొప్పి వచ్చినట్టుంది. కారు దిగిన తునివాళ్ళు ఆ మొహం చూసి గాభరాపడి, ఆయన్ని రెండు చేతులా పట్టుకుని నీడలో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళిచ్చారు.